పాలరాతిలో గాట్లు

ఏథెన్స్ నగరంలో పూర్వం సంత జరిగిన మైదానాన్ని అగోరా అంటారు. దాని తూర్పు అంచున, 1950ల్లో పాత పునాదుల మీద తిరిగి కట్టిన అత్తాలోస్ మండపంలో మ్యూజియం ఉంది. అందులో విరిగిన పాలరాతి పలక ఒకటి ఉంది. బొమ్మ లేదు, పువ్వు లేదు, దేవత లేదు. పలక ముఖం మీద 11 నిలువు వరుసల్లో సన్నటి గాట్లు మాత్రం ఉన్నాయి. ఒక్కో గాటు పలుచటి రేకు ముక్క దూరేంత వెడల్పు. గాట్ల పక్కన, పైనుంచి కిందికి ఒక గొట్టాన్ని అమర్చేందుకు తొలిచిన గాడి. గొట్టం పోయింది, రాయి మిగిలింది. దీని పేరు క్లెరొటేరియన్, అంటే చీటీ తీసే యంత్రం.

గుట్ట మీద పార్థెనాన్ ఉండగా ఈ గాట్ల రాయి దగ్గర ఆగేవాళ్లు తక్కువ. ఏథెన్స్ పనివాళ్ల చేతుల మీదుగా వచ్చిన వాటిలో నేను మాత్రం దీన్ని పార్థెనాన్ సరసనే నిలబెడతాను. పార్థెనాన్ స్తంభాలు కంటి భ్రమను సరిదిద్దడానికి నడుమ కాస్త ఉబ్బి ఉంటాయని శిల్పం తెలిసినవాళ్లు మెచ్చుకుంటారు. ఈ రాయి సరిదిద్దింది కంటి భ్రమను కాదు, మనిషి ఆశను. లంచం ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు, బంధువును లోపలికి చేర్చేవాడు, పక్కవాడిని కనుసైగతో బెదిరించేవాడు, వీళ్లందరినీ ముందే ఊహించి ఒక్కొక్కరికీ ఒక్కో అడ్డు కట్టిన పనితనం ఇది.

ఈ రాయి ఏమిటో చాలాకాలం తెలియలేదు. తెలిసిన తీరూ చెప్పుకోదగ్గదే. ఈజిప్టులో క్రీ.శ. 78–79 ప్రాంతపు ఒక వ్యవసాయ క్షేత్రం జమాఖర్చులు రాసిన పపైరస్ చుట్టల వెనకవైపు, ఎవరో 'ఏథెన్స్ రాజ్యాంగం' అనే గ్రంథాన్ని నకలు రాసుకున్నారు. అది అరిస్టాటిల్ రాశాడో, ఆయన శిష్యుల్లో ఒకరు రాశారో అన్న చర్చ ఉంది. బ్రిటిష్ మ్యూజియంకు చేరిన ఆ చుట్టలను ఫ్రెడరిక్ కెన్యన్ 1891లో అచ్చువేశాడు. చివరి అధ్యాయాల్లో జ్యూరీ సభ్యుల ఎంపిక అడుగడుగునా వర్ణించి ఉంది. అయితే అందులోని క్లెరొటేరియన్ అనే మాటకు పండితులు చాలామంది 'చీటీలు తీసే గది' అని అర్థం చెప్పుకున్నారు. గది అనుకుంటే వర్ణన పొసగదు, వాక్యాలు ఎక్కడో తట్టుకుంటాయి. అమెరికన్ పండితుడు స్టెర్లింగ్ డౌ 1930ల్లో అగోరా తవ్వకాల్లో బయటపడిన గాట్ల రాళ్లను ఆ వాక్యాల పక్కన పెట్టి చూశాడు. గది కాదు, యంత్రం. రాతిలో లేని గొట్టం గ్రంథంలో దొరికింది, గ్రంథంలో అర్థంకాని వరుసలు రాతిలో దొరికాయి.

ఇప్పుడు ఆ యంత్రాన్ని ఒక ఉదయం నడిపి చూద్దాం. క్రీ.పూ. 330 ప్రాంతం అనుకోండి.

ఏథెన్స్ పౌరులు పది గణాలు. ముప్పై ఏళ్లు నిండి, ప్రమాణం చేసి జ్యూరీ జాబితాలో చేరిన ప్రతివాడి దగ్గరా ఒక బిళ్ళ ఉంటుంది. దాన్ని పినాకియన్ అంటారు. మొదట్లో కంచు రేకు, జానెడుకంటే బాగా పొట్టి, రెండు వేళ్ల వెడల్పు. తర్వాత బాక్స్‌వుడ్ అనే గట్టి కర్రతో చేశారు. బిళ్ళ మీద అతని పేరు, తండ్రి పేరు, ఊరి పేరు ఉంటాయి. వాటితోపాటు ఆల్ఫా నుంచి కప్పా దాకా ఉన్న పది అక్షరాల్లో ఒకటి ఉంటుంది. ఒకే గణంవాళ్లను పది భాగాలుగా పంచే అక్షరం అది. తెల్లవారగానే కోర్టుకు వచ్చినవాడు తన గణం గుమ్మం దగ్గర, తన అక్షరం ఉన్న పెట్టెలో బిళ్ళ వేస్తాడు. పెట్టెను కుదుపుతారు. అధికారి ఒక్కో పెట్టెలోంచి ఒక్క బిళ్ళ తీస్తాడు. ఎవరి బిళ్ళ వచ్చిందో అతను ఆ పెట్టెలోని మిగతా బిళ్ళలన్నిటినీ యంత్రంలో తన అక్షరం కింది నిలువు వరుసలో పైనుంచి కిందికి గుచ్చాలి.

ఈ ఏర్పాటులో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ గుచ్చే మనిషి. చీటీ తీయకముందే చీటీ తీసి ఇతన్ని ఎంచారు. కారణం గ్రంథకర్త ఒక్క మాటలో చెప్పేశాడు: రోజూ ఒకడే గుచ్చితే మోసం చేస్తాడు. ఏ బిళ్ళ ఏ వరుసలో పడాలన్నది వాడి చేతిలో ఉంటుంది కదా. యంత్రం తయారుచేసినవాళ్లు యంత్రాన్ని నమ్మి ఊరుకోలేదు, దానికి మేత వేసే చేతిని కూడా అనుమానించారు.

గణానికి రెండు యంత్రాలు, ఒక్కోదానికి ఐదు నిలువు వరుసలు. ఒక యంత్రం దగ్గర 100 మంది బిళ్ళలు ఉన్నాయనుకుందాం. ఐదు నిలువు వరుసల్లో ఇరవయ్యేసి, అంటే అడ్డంగా చూస్తే ఐదేసి బిళ్ళలున్న 20 వరుసలు. ఆ పూట ఈ యంత్రం నుంచి 25 మంది కావాలి. ఐదుగురికి ఒక తెల్ల పాచిక చొప్పున ఐదు తెల్లవి, మిగతా 15 నల్లవి కలిపి పైన గరాటులో పోస్తారు. అవి గొట్టంలోకి తమ ఇష్టం వచ్చిన క్రమంలో జారతాయి. కింద ఒక్కొక్కటే బయటికి వదులుతారు. మొదటి పాచిక మొదటి అడ్డ వరుసకు. తెల్లదైతే ఆ ఐదుగురూ ఆనాటి జ్యూరర్లు. నల్లదైతే ఐదుగురి బిళ్ళలూ వెనక్కి ఇచ్చేస్తారు, ఇంటికి పోవచ్చు. రెండో పాచిక రెండో వరుసకు. ఇలా 20 పాచికలతో వందమంది సంగతి తేలిపోతుంది.

నిలువుగా గుచ్చి అడ్డంగా ఎంచడంలో ఉంది కిటుకంతా. గెలిచిన ప్రతి వరుసలోనూ ఐదు వేరువేరు అక్షరాలవాళ్లు ఉండి తీరతారు. ఒకే పెట్టెలో బిళ్ళలు వేసి కలిసికట్టుగా వచ్చిన ముఠా ఒకే వరుసలో పడే వీలు లేదు. పేరు పేరునా చీటీ తీస్తే పొద్దెక్కిపోతుంది, ఇక్కడ ఐదో వంతు పనితో ముగిసింది. తూకం, వేగం రెండూ కొన్ని గాట్లు కోసి సాధించారు.

ఎంపికైనవాడికి ఇంకా తన కోర్టు ఏదో తెలియదు. అతను కుండలో చెయ్యి పెట్టి ఓక్ కాయ ఒకటి తీస్తాడు. కాయ మీద ఒక కోర్టు అక్షరం ఉంటుంది. దాన్ని పైకెత్తి అధికారికి చూపాలి. అధికారి అతని బిళ్ళను ఆ అక్షరం పెట్టెలో వేస్తాడు. ఇక అతను తనకు నచ్చిన కోర్టుకు కాదు, కాయ చెప్పిన కోర్టుకే పోవాలి. చేతికి ఒక రంగు కర్ర ఇస్తారు. ప్రతి కోర్టు గుమ్మం పైకమ్మీకి ఒక రంగు వేసి ఉంటుంది. కర్ర రంగు, కమ్మీ రంగు కలవకపోతే అందరి ముందూ దొరికిపోతాడు. చదువు అంతగా రానివాడు కూడా దారి తప్పడు. ఏ అధికారి ఏ కోర్టులో అధ్యక్షత వహించాలో కూడా చీటీతోనే తేలుతుంది. లంచం ఇవ్వదలచినవాడు ముందురోజు రాత్రి ఎవరి ఇంటి తలుపు తట్టాలి? ఎవరు జ్యూరీలో ఉంటారో ఆ జ్యూరర్‌కే తెలియదు.

మనకూ చీటీ కొత్త కాదు. కాంచీపురం దగ్గరి ఉత్తరమేరూరులో, 10వ శతాబ్దపు చోళ శాసనాల్లో, తాటాకు ముక్కల మీద పేర్లు రాసి కుండలో వేసి పసివాడి చేత తీయించే పద్ధతి చెక్కి ఉంది. అక్కడా తీసే చేతి మీదే అనుమానం, అందుకే పసివాడు. ఈనాటికీ మన పంచాయతీ ఎన్నికల్లో ఇద్దరికి సమానంగా ఓట్లు పడితే చీటీ తీసి సర్పంచ్ ఎవరో తేలుస్తారు. మనకు అది ఏ దారీ లేనప్పటి దారి. ఏథెన్స్‌వాళ్లకు అదే మొదటి దారి. సేనాపతులను మాత్రం చేతులెత్తి ఎన్నుకునేవాళ్లు. యుద్ధం తెలిసినవాడు కావాలి కనుక. తీర్పు చెప్పడానికి, సభ నడపడానికి పౌరుడైతే చాలన్నది వాళ్ల నమ్మకం.

కోర్టు లోపలి సామాను కూడా ఇదే బుద్ధితో చేసిందే. అగోరాలో దొరికిన మట్టి నీటి గడియారం ఒకటి ఉంది. నిండుగా పోస్తే సుమారు ఆరు నిమిషాల్లో అడుగు రంధ్రం గుండా ఖాళీ అవుతుంది. మన లెక్కలో గడియ అంటే 24 నిమిషాలు, కాబట్టి అది దాదాపు పావు గడియ. వాదికీ ప్రతివాదికీ ఒకే కొలత నీళ్లు. కొన్ని వ్యాజ్యాల్లో చట్టమో సాక్ష్యమో చదివి వినిపించేటప్పుడు ధారను ఆపేవాళ్లు. ఆ నీటిని చూసుకునే మనిషినీ అక్కడికక్కడ జ్యూరర్లలోంచి చీటీ తీసి ఎంచేవాళ్లు.

ఓటు బిళ్ళ సంగతి మరీ ముచ్చటైనది. గుండ్రటి కంచు బిళ్ళ, దాని నడుమ బండి చక్రానికి ఉన్నట్టు పొట్టి ఇరుసు. ప్రతి జ్యూరర్‌కూ రెండు ఇస్తారు. ఒకదాని ఇరుసు బోలు, వాదికి. మరొకదాని ఇరుసు గట్టిది, ప్రతివాదికి. బొటనవేలూ చూపుడువేలూ ఇరుసు రెండు కొనల మీదా పెట్టి పట్టుకుంటే బోలో గట్టిదో పట్టుకున్నవాడికే తెలుస్తుంది, చూసేవాడికి తెలియదు. తన తీర్పును కంచు కుండలో, మిగిలినదాన్ని కర్ర కుండలో వేస్తాడు. ఓటు వేశాకే మూడు అంకె ఉన్న కంచు టోకెన్ చేతికి వస్తుంది. దాన్ని తిరిగి ఇస్తే మూడు ఒబోళ్ల కూలి. అగోరాలో దొరికిన ఇలాంటి బిళ్ళల మీద 'ప్రజల ఓటు' అనే అర్థం వచ్చే అక్షరాలు ఉన్నాయి. లెక్కపెట్టేందుకు రంధ్రాలున్న బల్ల ఉండేది. బిళ్ళలను అందులో నిలబెడితే బోలువెన్నో గట్టివెన్నో అందరికీ కనిపిస్తాయి. వేసేటప్పుడు చీకటి, లెక్కించేటప్పుడు వెలుగు. ఓట్లు సమానమైతే ప్రతివాది గెలిచినట్టే.

ఇంత జాగ్రత్త ఊరికే రాలేదు. ప్రతి అడ్డు వెనకా ఒక దెబ్బ ఉంది.

క్రీ.పూ. 411లో ఏథెన్స్ స్పార్టాతో సుదీర్ఘ యుద్ధంలో అలసిపోయి ఉంది. సిసిలీకి పంపిన నౌకాదళం రెండేళ్ల కిందటే నాశనమైంది. పెద్ద కుటుంబాలవాళ్లు కొందరు ప్రజాసభను నగరం లోపల కాక కొలొనోస్ అనే చోట, గోడల బయట, సమావేశపరిచారు. శత్రువు దగ్గరలో ఉన్నాడు, నిరాయుధులు అంత దూరం రావడానికి జంకుతారు. అక్కడ పెట్టిన మొదటి తీర్మానం ప్రజాస్వామ్యాన్ని రద్దు చేయమని కాదు. చట్టవిరుద్ధమైన తీర్మానం పెట్టినవాడిని కోర్టుకు లాగే హక్కును ముందు తీసేశారు. ఆ అడ్డు తొలగాక ఇక దేన్నైనా ప్రతిపాదించవచ్చు, ఎవరూ శిక్షించలేరు. తర్వాత 400 మంది, బట్టల కింద కత్తులు దాచుకుని, 120 మంది కుర్రాళ్లను వెంటబెట్టుకుని, చీటీతో ఎంపికైన సలహాసభ గదిలోకి వెళ్లారు. మీ జీతం తీసుకుని వెళ్లిపోండి అన్నారు. మిగిలిన కాలానికి కూడా లెక్కగట్టి తెచ్చారు. సభ్యులు డబ్బు పుచ్చుకుని మాట్లాడకుండా నడిచి వెళ్లిపోయారు. చరిత్రకారుడు థుసిడిడీస్ రాసిన ఈ ఘట్టం చదివిన ప్రతిసారీ నాకు కత్తులకంటే ఆ జీతం సంచే ఎక్కువ భయం పుట్టిస్తుంది.

ఆ ప్రభుత్వం నెలల్లో కూలింది. కానీ 406లో, తిరిగి వచ్చిన ప్రజాస్వామ్యమే తనకు తాను మరో గాయం చేసుకుంది. ఆర్గినుసాయ్ దగ్గర నౌకాయుద్ధం గెలిచిన సేనాపతులు తుఫానులో మునిగిపోతున్న తమవాళ్లను కాపాడలేదన్న ఆరోపణ మీద, ఎనిమిదిమందినీ కలిపి ఒకే ఓటుతో దోషులన్నారు. చేతికి చిక్కిన ఆరుగురిని చంపారు. అది చట్టానికి విరుద్ధమని ఆనాడు సభ నడిపేవాళ్లలో ఒకడుగా ఉన్న సోక్రటీస్ ఒప్పుకోలేదు. ఆ రోజు ఓటు వేసిన తీరు చూడండి. ప్రతి గణానికీ రెండు కుండలు, దోషులంటే ఈ కుండలో, కాదంటే ఆ కుండలో. ఎవరు ఎటు నడిచారో ఊరంతా చూస్తోంది. తర్వాతి తరం చేతికి బోలు ఇరుసు, గట్టి ఇరుసు బిళ్ళలు వచ్చాయంటే, వాటి వెనక ఇలాంటి రోజుల జ్ఞాపకం ఉందనే నేననుకుంటాను.

మరొకటి లంచం. పైలోస్ కోటను పోగొట్టిన సేనాపతి అనితోస్ విచారణ నుంచి బయటపడేందుకు మొత్తం జ్యూరీకే డబ్బు పంచాడని, అలా చేసినవాళ్లలో అతనే మొదటివాడని 'ఏథెన్స్ రాజ్యాంగం' చెబుతుంది. క్రీ.పూ. 399లో సోక్రటీస్ మీద నేరం మోపినవాళ్లలో ఒకడు ఇతనే. 404లో యుద్ధం ఓడాక స్పార్టా అండతో ముప్పైమంది నియంతలు వచ్చారు. 403లో ప్రజాస్వామ్యం మళ్లీ లేచింది. ఈసారి పాత కక్షలకు క్షమాపణ ప్రకటించింది. చట్టం వేరు, సభ తీర్మానం వేరు, తీర్మానం చట్టాన్ని దాటకూడదని నియమం పెట్టుకుంది. కంచు బిళ్ళలు వాడుకలోకి వచ్చింది ఆ తర్వాతి కాలంలోనే. రెండుసార్లు కూలిన ఇంటివాళ్లు మూడోసారి కట్టుకున్నప్పుడు పెట్టిన గడియలు ఇవి. లోపలి దొంగకు అవి నిజంగానే గట్టివి. తర్వాతి ఎనభై ఏళ్లలో లోపలినుంచి మరో తిరుగుబాటు రాలేదు.

అదే మ్యూజియంలో 1952లో దొరికిన మరో రాయి ఉంది. క్రీ.పూ. 338లో కైరోనియా దగ్గర మాసిడోనియా రాజు ఫిలిప్ చేతిలో ఏథెన్స్ ఓడింది. మరుసటి ఏడాది యూక్రటీస్ అనే పౌరుడి ప్రతిపాదన మీద ఒక చట్టం చేశారు. ప్రజల మీద నియంతృత్వానికి పూనుకున్నవాడిని చంపితే పాపం లేదు. ప్రజాస్వామ్యం కూలితే అరియోపాగస్ కొండ సభ పెద్దలెవరూ ఆ కొండ మీదికి ఎక్కి సభ జరపకూడదు. రాతి పైభాగాన శిల్పి ఒక దృశ్యం చెక్కాడు. గడ్డమున్న మనిషి రూపంలో ప్రజ ఆసనం మీద కూర్చుని ఉంటే ప్రజాస్వామ్య దేవత నిలబడి అతని తలకు కిరీటం పెడుతోంది. ప్రజ ముఖంలో గర్వం లేదు, కాస్త బడలిక ఉంది. చట్టం మాత్రం ఎప్పటిలాగే లోపలి శత్రువునే చూస్తోంది, కొండ మీది పెద్దలను, కత్తి దాచుకుని వచ్చేవాడిని.

వచ్చినవాడు అలా రాలేదు. 323లో అలెగ్జాండర్ చనిపోగానే ఏథెన్స్ మాసిడోనియా మీద తిరగబడింది. 322లో సముద్రం మీద అమోర్గోస్ దగ్గర, నేల మీద క్రానోన్ దగ్గర దెబ్బతింది. సంధి అడగడానికి వెళ్లిన ఫోకియోన్, దెమాదీస్‌లకు మాసిడోనియా సేనాని అంటిపాటర్ షరతులు పెట్టాడు. రేవులోని మునిఖియా కొండ మీద సైన్యం ఉంటుంది. యుద్ధం ఖర్చు కట్టాలి. వక్తలైన డెమొస్తనీస్‌ను, హైపెరిడీస్‌ను అప్పగించాలి. ఇక మీదట 2,000 డ్రాక్మాల ఆస్తి ఉన్నవాడే పౌరుడు. దెమాదీస్ తీర్మానం పెడితే, ఏథెన్స్ సభే ఆ ఇద్దరికీ మరణశిక్ష వేసింది. డెమొస్తనీస్ కలౌరియా దీవిలో పొసైడన్ గుడిలో విషం తాగాడు.

2,000 డ్రాక్మాలను జ్యూరర్ లెక్కలో చూడండి. డ్రాక్మాకు ఆరు ఒబోళ్లు, రోజు కూలి మూడు ఒబోళ్లు. తిండికి ఒక్క కాసు వాడకుండా దాచినా 4,000 రోజులు పడుతుంది. ఏడాదికి 200 రోజులు పని దొరికిందనుకున్నా ఇరవై ఏళ్లు. 12,000 మందికి పైగా పౌరసత్వం పోయిందని ప్లూటార్క్ రాశాడు. మిగిలింది 9,000 మందని డయొడోరస్ లెక్క. పోగొట్టుకున్నవాళ్లలో కొందరిని థ్రేస్‌కు పంపి అక్కడ నేల ఇచ్చారు. ఉండిపోయినవాళ్లు పుట్టిన ఊళ్లోనే పరాయివాళ్లయ్యారు. వీళ్లలో ఎందరో తెడ్లు వేసి ఏథెన్స్ నౌకాదళాన్ని నడిపినవాళ్లు.

గాట్ల రాయి దీనికి ఏం చేయగలదు? తనలో గుచ్చిన బిళ్ళల మధ్య ఎంతో న్యాయంగా పంచగలదు. ఎవరి చేతికి బిళ్ళ అందలేదో అడగడానికి దానిలో గాటు లేదు. ఆ లోటు 322లో పుట్టింది కూడా కాదు. స్త్రీలకు బిళ్ళ లేదు. తరతరాలుగా ఏథెన్స్‌లో కాపురముండి పన్ను కట్టిన విదేశీయులకు లేదు. జ్యూరర్లకు కూలిగా ఇచ్చిన వెండిని లౌరియోన్ గనుల్లో తవ్వింది బానిసలు, వాళ్లకు లేదు. బిళ్ళ ఉన్నవాళ్లు, లేనివాళ్లు అన్న గీత మొదటినుంచీ అక్కడ ఉంది. అంటిపాటర్ కొత్త గీత గీయలేదు, ఉన్న గీతను లోపలికి జరిపాడు. రాతిని పగలగొట్టాల్సిన అవసరం అతనికి రాలేదు. ఆ పనితనాన్ని ఇంతగా మెచ్చుకుంటూ ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది.

322తో అంతా ముగిసిందని గీత గీసేయలేం. 318లో ప్రజాస్వామ్యం మళ్లీ తలెత్తింది, ఫోకియోన్‌కు విషం తాగించింది. మరుసటి ఏడు మాసిడోనియా మనిషిగా ఫాలెరోన్ ఊరివాడు దెమెత్రియోస్ వచ్చి పదేళ్లు ఏలాడు. 307లో అదే పేరున్న మరో మాసిడోనియా రాకుమారుడు నగరాన్ని విడిపించానన్నాడు. ఏథెన్స్‌వాళ్లు అతని పేరునా అతని తండ్రి పేరునా రెండు కొత్త గణాలు కలిపారు. యంత్రానికి పదికి బదులు పన్నెండు గణాలు వచ్చాయి. పార్థెనాన్ వెనక గదుల్లోనే అతనికి బస ఇచ్చారు. 229లో సైన్యం రేవు విడిచి వెళ్లింది, మళ్లీ కొంతకాలం సొంత గాలి. సభలు కూడాయి, చీటీలు పడ్డాయి, శాసనాలు చెక్కారు. పెద్ద నిర్ణయాలు మాత్రం రాను రాను వేరే ఊళ్లలో జరిగాయి, చివరికి రోమ్‌లో. క్రీ.పూ. 91 నుంచి వరసగా మూడేళ్లు మెదెయోస్ అనే ఒకే మనిషి నగర ప్రధానాధికారి అయిన ఆర్ఖోన్ పదవిలో కూర్చున్నాడు. పూర్వం ఒకడికి జీవితంలో ఒక్కసారే దక్కే పదవి అది. 86లో రోమ్ సేనాని సుల్లా సైన్యం గోడలు పగలగొట్టుకుని లోపలికి వచ్చింది.

మ్యూజియంలోని 11 వరుసల పలక క్రీ.పూ. 3–2 శతాబ్దాలదని అంచనా. అంటే అరిస్టాటిల్ కాలం నాటిది కాదు, ఆ పెద్ద రోజులు గడిచాక చెక్కినది. దొరికిన గాట్ల రాళ్లన్నీ ఇంచుమించు ఈ కాలానివే. అయినా ఆ చేతిపనిలో ఎక్కడా అశ్రద్ధ లేదు. గాట్ల మధ్య దూరాలు సమంగా ఉన్నాయి, వరుసలు నిటారుగా ఉన్నాయి. చెక్కినవాడు రేపు పొద్దున ఇందులో బిళ్ళలు గుచ్చుతారన్న నమ్మకంతోనే చెక్కాడు.

బిళ్ళలు కొన్ని సమాధుల్లో దొరికాయి. కర్ర బిళ్ళలు వచ్చాక కంచువి వాడుక తప్పి సొంతదారుల దగ్గరే ఉండిపోయాయి. చనిపోయినప్పుడు ఇంటివాళ్లు పక్కన పెట్టి పూడ్చారు. కొన్నింటిని పలుమార్లు వాడారు. ఒక పేరును సుత్తితో అణగ్గొట్టి దాని మీదే మరో పేరు, దాన్నీ అణగ్గొట్టి ఇంకొకటి. వెలుగును ఏటవాలుగా పట్టి చూస్తే పై పేరు కింద పాత పేర్ల గీతలు కనిపిస్తాయి. ఎవరో ఒకడు, అతని తండ్రి, వాళ్ల ఊరు, ఒక అక్షరం.